వన్ టౌన్ అద్దాల సారు

మా అద్దాల సారు పోయినారని గడిచిన వారం కర్నూలు నుంచి ఫోన్ వచ్చింది. ఎనబై దాటిన మనిషి, నిద్రలోనే పోయినారంట. ఫోన్ పెట్టేసి చాలాసేపైనా ఆయన గొంతు చెవుల్లో మోగుతూనే ఉంది. "ఇది బాగుందా... అది బాగుందా? తొందర ల్యా, చూసి చెప్పు." రోజంతా వచ్చినోళ్ళందరినీ అదే మాట అడిగేవారు. సాయంత్రం ఏడుకు వచ్చిన ఆఖరి మనిషిని కూడా పొద్దున వచ్చిన మొదటి మనిషిని అడిగినంత నిదానంగా అడిగేవారు.

ఆయన డాక్టరు కాదు. ఒక కంటి డాక్టరు దగ్గర చాలా ఏండ్లు పనిచేసి, చూపు పరీక్షించి నంబరు తీయడంలో చేయి తిరిగిన మనిషి. ఇప్పుడైతే ఆ పని చేసేవాళ్ళను ఆప్టోమెట్రిస్టు అంటున్నారు, దానికి నాలుగేండ్ల చదువుంది. అప్పుడు కొండారెడ్డి బురుజు దాటి వన్ టౌన్‌లోకి పోతే, ఎవరినడిగినా "అద్దాల సారు అంగడా? అదిగో" అని చేయి చూపించేవాళ్ళు. నేను ఇంటర్ అయిపోయి, డిగ్రీలో చేరే స్తోమత లేక ఊరికే తిరుగుతాంటే మా చిన్నాయన తీసుకపోయి ఆయన దగ్గర పెట్టినాడు. అద్దాలు తుడవడం, చీటీలు రాయడం, వచ్చినోళ్ళను వరసగా కూర్చోబెట్టడం, అదీ నా పని.

ముందు అంగడి, వెనక చీకటి గది. చూపు చూడాలంటే మనిషికీ బోర్డుకూ మధ్య 20 అడుగుల దూరం ఉండాలి. అంత దూరం నుంచి వచ్చే వెలుతురు కంట్లోకి దాదాపు తిన్నగా వస్తుంది, కన్ను తన బలం పెట్టి సర్దుకోవాల్సిన పని ఉండదు. అందుకే ఆ లెక్క. మా గది పొడవు దాంట్లో సగమే. అందుకని సారు ఎదుటి గోడకు పెద్ద అద్దం తగిలించి, కుర్చీలో కూర్చున్న మనిషి తలపైన వెనక గోడకు బోర్డు వేలాడగట్టినారు. చూసేది అద్దంలో. పోయి రావడానికి దూరం సరిపోతుంది. అయితే ఆ బోర్డు మీద అక్షరాలన్నీ తిరగేసి అచ్చు వేసినవి. కుర్చీలో కూర్చునే పిల్లలు వెనక్కి తిరిగి దాన్ని చూసి, "సారూ, మీ బోర్డు తప్పు రాసినారు" అని పకపకా నవ్వేవాళ్ళు. సారు కూడా వాళ్ళతో నవ్వేవారు. ఆ నవ్వులోనే సగం భయం పోయేది.

ఆ బోర్డు పద్ధతి 1862లో స్నెల్లెన్ అనే హాలెండు డాక్టరు పెట్టింది. పైన ఉండే పెద్ద అక్షరం ఎత్తు తొమ్మిది సెంటీమీటర్లకు కాస్త తక్కువ. బాగున్న కన్ను దాన్ని 60 మీటర్ల నుంచి చదువుతుంది. అదొక్కటే చదివి కింద వరసలు చదవలేకపోతే చీటీలో 6/60 అని రాసేవాళ్ళం, పైన 6 అంటే ఆ 20 అడుగులే, మీటర్ల లెక్కలో. ఆ మాత్రం కూడా కనపడకపోతే మనిషిని బోర్డు దగ్గరికి నడిపించాలి, అప్పుడూ లేకపోతే వేళ్ళు చూపించి ఎన్నని అడగాలి, అదీ కాకపోతే చేయి ఆడించాలి, చివరికి టార్చి వేసి వెలుగు యాడనుంచి వస్తాందో చెప్పమనాలి. ఆ ఆఖరి మెట్టు దాకా పోయిన పెద్దోళ్ళు ఆ రోజుల్లో చాలామందే వచ్చేవాళ్ళు. కంట్లో పొర (శుక్లం) ముదిరి తెల్లగా అయిపోయినాక తీసుకొచ్చేవాళ్ళు ఇంట్లోవాళ్ళు.

తెలుగు బోర్డు, ఇంగ్లీషు బోర్డు, వన్ టౌన్ కాబట్టి ఉర్దూ బోర్డు, చదువు రానోళ్ళకు మూడు కాళ్ళ బోర్డు ఉండేవి. మూడు కాళ్ళ బోర్డు అంటే ఒకే గుర్తు పైకి, కిందికి, పక్కలకు తిప్పి అచ్చు వేసింది. ఓర్వకల్లు వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ నాకు బాగా గుర్తు. బోర్డు అనగానే "నాకు సదువు రాదు నాయనా, నన్నెందుకు పిలుచుకొచ్చినారు" అని లేచి పోబోయింది. సారు కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చొని, తన మూడు వేళ్ళు చాపి, "అవ్వా, ఈ కాళ్ళు యాడికున్నాయో నీ చేయితో చూపీ, అంతే" అన్నారు. పైకి, కిందికి, కుడికి, ఎడమకు. నాలుగు వరసలు చూపించినాక అవ్వ ముఖం చూడాలి. "ఇంకా ఉన్నాయా?" అని తనే అడిగింది.

ఆ గదిలోకి వచ్చే మనుషులకు ఉండే భయం బయటోళ్ళకు అర్థం కాదు. కంటి నొప్పి కంటే, తప్పు చెప్తానేమో అనే భయమే ఎక్కువ. బడిలో నిలబెట్టి అడిగినట్టే అనుకునేవాళ్ళు. లైసెన్సు కోసం వచ్చిన లారీ డ్రైవర్లు బయట బెంచీ మీద కూర్చొని, లోపల ముందు మనిషి చదివే అక్షరాలు విని నోట్లో వల్లె వేసుకునేవాళ్ళు. పిల్లలు చేతివేళ్ళ సందుల్లోంచి మూసిన కంటితో కూడా చూసేవాళ్ళు. పెండ్లి కావల్సిన ఆడపిల్లలైతే కనపడకపోయినా ఊహించి చెప్పేవాళ్ళు, అద్దాలు పడతాయని తెలిస్తే సంబంధాలు రావని తల్లులు బెదరగొట్టి తెచ్చేవాళ్ళు కాబట్టి. సారు ఎవరినీ కసురుకోవడం నేను చూడలేదు. డ్రైవరైతే వల్లె వేసిన వరసను చివరి నుంచి మొదటికి చదవమనేవారు. పిల్లలకు వేళ్ళతో వద్దని అరచేయి గిన్నెలా చేసి కన్ను నొక్కకుండా మూయడం నేర్పేవారు. తల్లిని మెల్లగా బయట బెంచీ మీదికి పంపేవారు. అప్పుడు చెప్పేవారు, "ఇక్కడ మార్కులు ల్యావు తల్లీ. కనపడకపోతే కనపడల్యా అని చెప్పు. నాకు కావల్సింది అదే."

ఆ మాట మీద ఆయనకెంత నమ్మకమో, నాకూ అంతే నమ్మకం ఏర్పడింది. కంటి పరీక్షలో సగం పని యంత్రానిది, అద్దాలది అయితే, మిగతా సగం కుర్చీలో కూర్చున్న మనిషి నోటి మాటది. ఆ మనిషి భయపడి ఏదో ఒకటి చెప్తే నంబరు తప్పుతుంది, ఆ తప్పు నంబరు ఏండ్ల తరబడి ముక్కు మీద కూర్చుంటుంది.

పొద్దున అంగడి తీస్తూనే నా మొదటి పని అద్దాల పెట్టె. చెక్కపెట్టె, లోపల మెత్తటి గుడ్డ పరచిన గళ్ళు, గడికొక గుండ్రటి అద్దం, ప్రతిదానికీ చిన్న పిడి. రెండు వందలకు పైగా ఉండేవి. ఎడమ పక్క ప్లస్సులు, కుడి పక్క మైనస్సులు, మధ్యలో కంటి వంపు అన్ని వైపులా సమంగా లేనోళ్ళకు పెట్టే సిలిండర్లు. మల్లు గుడ్డతో ఒక్కొక్కటే తుడవాలి. పిడి తప్ప అద్దాన్ని వేలితో ముట్టగూడదు. తుడిచింది దాని గడిలోనే పెట్టాలి, పక్క గడిలో పెడితే ఆ రోజంతా నంబర్లు తారుమారే. అద్దాలు పెట్టి చూసే ఉత్త ఫ్రేము ఒకటి ఉండేది, గుండ్రటి ఇనుప చట్రం, చుట్టూ డిగ్రీల గీతలు, పక్కన మరలు. బరువు చాలా ఎక్కువ. ముసలోళ్ళ ముక్కు మీద ఎర్రగా అచ్చు పడేది. సారు మధ్యమధ్యలో దాన్ని ఎత్తి, వాళ్ళ ముక్కు తనే వేలితో రుద్ది, మళ్ళీ పెట్టేవారు.

ఆ పెట్టెలో నాకు ఎక్కువ ఇష్టమైంది ఒక నల్లటి బిళ్ళ. మధ్యలో సూదిమొన అంత చిల్లు, అంతే. కనపడలేదన్న మనిషికి దాన్ని పెట్టి చూడమనేవారు. చిల్లులోంచి చూస్తే రెండు మూడు వరసలు ఎక్కువ చదివినారంటే అద్దాలతో బాగవుతుందని అర్థం. అప్పుడు కూడా ఏమీ మారకపోతే లోపల వేరే ఏదో ఉంది, పొరో, కంటి వెనక పటలమో. అలాంటోళ్ళకు సారు అద్దాలు అంటగట్టేవారు కాదు. చీటీ రాసిచ్చి, "ఇది నా చేతిలో ల్యా, పెద్దాసుపత్రిలో కండ్ల వార్డుకు పోండి, ఈ రోజే పోండి" అని పంపేవారు. బేరం పోయిందని ఒక్కరోజూ అనుకోలేదు.

మాట రాని పసిపిల్లలకు, చెవిటి మూగ వాళ్ళకు వేరే పద్ధతి. దీపం ఆర్పేసి, చేతిలో రెటినోస్కోపు పట్టుకొని సన్నటి వెలుగుగీత కంటి మీద అటూ ఇటూ ఆడించేవారు. కంటిపాప లోపల ఎర్రగా ఒక వెలుగు కదులుతుంది. అది గీత కదిలిన వైపే పోతే ఒక రకం, ఎదురు పోతే ఇంకో రకం. ముందు అద్దాలు మార్చుకుంటూ పోతే ఒక దగ్గర ఆ కదలిక ఆగిపోయి పాప మొత్తం ఒక్కసారిగా వెలుగుతుంది. నంబరు అక్కడ దొరుకుతుంది. తల్లి ఒళ్ళో బిడ్డ ఒక్క మాట చెప్పకుండానే.

పెద్ద పిల్లలతో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండేవారు. మైనస్ అద్దం కాస్త ఎక్కువ పెడితే అక్షరాలు నల్లగా, చిన్నగా, ముద్దుగా కనపడతాయి. పిల్లలు "ఇదే బాగుంది సారూ" అంటారు. "బాగా కనపడతాందా, ఊరికే నల్లగా కనపడతాందా? ఇంకో అక్షరం ఏమన్నా ఎక్కువ చదువుతావా?" అని అడిగేవారు. చదవలేకపోతే ఆ అద్దం తీసేసేవారు. అవసరానికి మించి పాయింటు కూడా ఇవ్వకూడదనేది ఆయన పట్టుదల. కొందరు రెండు అద్దాలూ ఒకటే అనిపించి చెప్పడానికి జంకేవాళ్ళు. "రెండూ ఒకటే అన్నావంటే మనం చివరికొచ్చినామని. అదీ జవాబే" అనేవారు.

చిన్నపిల్లల కండ్లు తమ బలంతో సర్దుకొని అసలు నంబరును దాచిపెడతాయి. అందుకని డాక్టరు రాసిచ్చిన అట్రోపిన్ మందు మూడు రోజులు ఇంట్లో పెట్టి తీసుకరమ్మనేవాళ్ళం. ఆ మూడో రోజు తల్లులు పరుగున వచ్చేవాళ్ళు. "సారూ, పిల్లోని నల్లగుడ్డు ఇంత పెద్దగైపోయింది, పుస్తకం కనపడ్డం ల్యా అంటాండాడు." పది పదైదు రోజులకు దానంతట అదే తగ్గుతుందని నేను బయట బెంచీ దగ్గరే చెప్పేవాణ్ణి. పెద్దోళ్ళకు వేసే చుక్కలు కొన్ని గంటల్లో దిగిపోయేవి. కానీ కర్నూలు ఎండ సంగతి తెలుసు కదా. చుక్కలు వేయించుకున్న మనిషి ఏప్రిల్ మధ్యాహ్నం వీధిలోకి అడుగుపెడితే కండ్లు తెరవలేడు. తలపైన తువ్వాలు కప్పుకొని, తోడు వచ్చినోళ్ళ భుజం పట్టుకొని బురుజు దాకా నడిచిపోయేవాళ్ళు. ఇప్పుడూ అంతే. పాప పెద్దది చేసే చుక్కలు వేస్తారని తెలిస్తే బండి తోలుకొని పోవద్దు, ఎవరినైనా తోడు తీసుకపోండి.

సారు అడిగే ప్రశ్నల్లో నాకు మొదట్లో అర్థం కానిది, "నువ్వేం పని చేస్తావు?" అనేది. చూపుకూ పనికీ ఏం సంబంధమో అనుకునేవాణ్ణి. ఒకసారి ఎమ్మిగనూరు నుంచి మగ్గం నేసే ఒకాయన వచ్చినాడు. నలబై దాటిన మనిషి. సంతలో కొన్న అద్దాలు జేబులో ఉన్నాయి. పేపరు చదవడానికి బాగున్నాయి, మగ్గం మీద కూర్చుంటే పోగు మసకబారుతాంది, తెగితే దొరకడం ల్యా అన్నాడు. సారు ఆయన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, "నీ ముందర మగ్గముంది అనుకో. చేతులు పెట్టు, పోగు యాడుంటుందో చూపీ" అన్నారు. ఆయన కాసేపు సిగ్గుపడి, తరవాత కాళ్ళు సర్దుకొని, కుడి చేయి నాడె లాగినట్టు పెట్టి, ఎడమ చేయి వేళ్ళు గాల్లోనే పోగు పట్టుకున్నాడు. నన్ను టేపు పట్టమన్నారు. కంటి నుంచి ఆ వేళ్ళ దాకా కొలిచినాను. పేపరు పట్టుకునే దూరం కంటే చాలా ఎక్కువ వచ్చింది. ఆ దూరానికి అద్దాలు మార్చి, ఒక దారప్పోగు తెచ్చి అక్కడ పట్టించి చూపించినారు. ఆయన పోగును రెండు వేళ్ళ మధ్య తిప్పి తిప్పి చూసుకున్నాడు. "పురి కూడా కనపడతాంది సారూ" అన్నాడు.

నలబై దాటితే కంటిలోపలి కటకం మెత్తదనం తగ్గి దగ్గరవి మసకబారడం అందరికీ వచ్చేదే, ఆ చత్వారం జబ్బేం కాదు. కానీ ఎవరి దగ్గర ఎంతనేది వాళ్ళ పనిని బట్టి ఉంటుంది. టైలరుకొకటి, కంసాలికొకటి, ఆళ్ళగడ్డ శిల్పికొకటి. అప్పటి నుంచి చీటీలో పేరు పక్కన వాళ్ళు చేసే పని నేనే అడిగి రాసేవాణ్ణి.

నల్లగుడ్డలో చుట్టి బీరువాలో దాచే పుస్తకం ఒకటుండేది. రంగుల తేడా తెలుస్తుందో లేదో చూడ్డానికి 1917లో ఇషిహారా అనే జపాన్ డాక్టరు తయారుచేసిన రంగుల చుక్కల పుస్తకం. చుక్కల మధ్యలో అంకె దాగుంటుంది. మొదటి పేజీలో 12 ఉంటుంది, రంగులు తెలిసినా తెలియకపోయినా అది అందరికీ కనపడుతుంది. పేజీల మీద వేలు పెట్టనిచ్చేవారు కాదు, చెమటకు రంగు మారుతుందని చిన్న బ్రష్షుతో చూపించేవారు.

డోన్ నుంచి ఒక పిల్లోడు తండ్రితో వచ్చినాడు. గుంతకల్లు డివిజన్లో రైలింజన్ ఉద్యోగం మీద పెట్టుకున్న ఆశంతా ముఖంలోనే కనపడుతోంది. 12 చెప్పినాడు. ఆ తరవాత పేజీల్లో ఏమీ చెప్పలేకపోయినాడు. తండ్రి పక్కనుంచి, "ఎర్ర జెండా, పచ్చ జెండా వానికి తెలుసు కదా సారూ" అన్నాడు. సారు పుస్తకం మూసి గుడ్డలో చుట్టి, కుర్చీ దగ్గరకు లాక్కొని చెప్పినారు, ఇది జబ్బు కాదు, పుట్టుకతో వచ్చింది, చూపు చాలా బాగుంది, చదువుకోడానికి, బతకడానికి అడ్డమేం లేదు, ఆ ఒక్క ఉద్యోగానికి మాత్రం పనికిరాదు, ఇప్పుడే తెలిసింది కాబట్టి ఇంకో దారి చూసుకోడానికి టైముంది అని. "ఎవరి నుంచి వచ్చింది సారూ?" అని తండ్రి అడిగినాడు. "దేవుడిచ్చింది" అన్నారు సారు. ఆ లోపం మగపిల్లలకు తల్లి వైపు నుంచి వస్తుందని ఆయనకు తెలుసు. వాళ్ళు పోయినాక నాతో అన్నారు, "ఆ మాట చెప్పింటే ఇంటికి పోయి ఆయమ్మను తింటాడు." ఎంత నిజం చెప్పాలో, ఎవరి ముందు చెప్పాలో నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

సోడాబుడ్డి అద్దాల తాతలు ఇప్పుడు కనపడరు. పొర తీసేసి లోపల కటకం పెట్టకుండా పంపే రోజులవి. బడుల్లో కంటి క్యాంపులు పెట్టేవాళ్ళు, కంటి మీద పచ్చగుడ్డ కట్టుకొని వరసగా పడుకునేవాళ్ళు. తరవాత ప్లస్ పది నంబరు మందపాటి అద్దాలు. నేల పైకి లేచినట్టు, గుమ్మం వంగినట్టు కనపడేదంట. అవి పగిలితే మళ్ళీ గుడ్డితనమే. అందుకని సారు ఆ నంబరు జతలు కొన్ని ఎప్పుడూ తయారుగా పెట్టేవారు. 1994లో ప్రపంచ బ్యాంకు సాయంతో ఏడు రాష్ట్రాల్లో, మన రాష్ట్రంలో కూడా, పొర ఆపరేషన్ల పథకం మొదలైనాక కంటిలోపలే కటకం పెట్టడం పల్లెలకు కూడా వచ్చింది. ఆ మందపాటి జతలు ఎవరూ అడగని రోజు వచ్చినందుకు సారు అంత సంతోషించినోళ్ళు ఇంకొకరు ఉండరు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి రెండూ కలిసి కర్నూలును ముంచినప్పుడు నేను నంద్యాలలో ఉద్యోగంలో ఉన్నాను. నీళ్ళు తీసినాక వచ్చినాను. అంగడంతా మోకాటిలోతు బురద. బోర్డులు, అద్దం, చీటీల పుస్తకాలు అన్నీ పోయినాయి. సారు అరుగు మీద రెండు బకెట్లు పెట్టుకొని పెట్టెలోని అద్దాలు ఒక్కొక్కటే కడుగుతున్నారు. పిడుల మీది అంకెలు ముందే అరిగిపోయి ఉండె, ఏ గడిలో ఉంటే అదే దాని నంబరు. ఇప్పుడు అన్నీ కలిసిపోయినాయి. నేను ఇవి పనికిరావులే సారూ అనబోయి ఆగినాను. ఆయన ఒక అద్దాన్ని కంటి ముందు పట్టి, ఎదురింటి కిటికీ కమ్మీల వైపు చూస్తూ కిందికీ పైకీ ఆడించినారు. ప్లస్ అద్దంలో కమ్మీ ఎదురు కదులుతుంది, మైనస్ అద్దంలో చేయి పోయిన వైపే కదులుతుంది. దానికి ఎదురు నంబరు అద్దం జత చేసి ఆడిస్తే కదలిక ఆగిపోతుంది. ఒక కంటి డాక్టరు తన పెట్టె రెండు రోజులకు ఇచ్చినాడు, దాంతో జత చూసుకుంటూ పోయినారు. నేను కూర్చొని కాగితం ముక్కల మీద నంబర్లు రాసి అంటించినాను. రెండో రోజు సాయంత్రానికి పెట్టె మళ్ళీ నిండింది. కొన్ని గళ్ళు ఖాళీగానే ఉండిపోయినాయి.

ఈ ఏడాది నా భార్యకు దగ్గరి అద్దాలు మార్పించాలని ఇక్కడి కంటి ఆసుపత్రికి తీసుకపోయినాను. పాత అద్దాలు, షుగరు మాత్రల చీటీ వెంట తీసుకపొమ్మని నేనే గుర్తుచేసినాను. ఇప్పుడన్నీ యంత్రాలే. గడ్డం ఆనించి లోపలికి చూస్తే దారి చివర ఒక బెలూన్ బొమ్మ మసకబారి మళ్ళీ తేటపడుతుంది, అంతలోనే నంబరు కాగితం మీద వస్తుంది. దాన్నే పట్టుకొని అద్దాలు రాసిచ్చేస్తారేమో అనుకున్నాను. పరీక్ష చేసే అమ్మాయి ఆ కాగితం పక్కన పెట్టి, ఫ్రేము పెట్టి, "ఇది బాగుందా అమ్మా, అది బాగుందా?" అని మొదటి నుంచి మొదలుపెట్టింది. నాకు ఆ పిల్ల మీద చాలా గౌరవం కలిగింది.

తరవాత కంటి మీదికి ఫుట్ అని గాలి ఊదే యంత్రంతో ఒత్తిడి చూసింది. మామూలుగా పాదరసం లెక్కలో 10 నుంచి 21 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఎక్కువొచ్చిందని డాక్టరు దగ్గరికి పంపింది. ఆయన మొద్దుబారే చుక్క వేసి, పచ్చరంగు వేసి, నీలం వెలుగులో మళ్ళీ కొలిచినారు. ఇంకో గదిలో గిన్నెలాంటి తెరలోకి చూస్తూ చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. ఆమె భయపడింది, "అన్నీ కనపడ్డం ల్యా, తప్పు నొక్కుతాండా" అని. అందరికీ కొన్ని కనపడవు, ఆ యంత్రం కావాలనే కనపడీ కనపడని చుక్కలు వేస్తుందని నేను చెప్పినాను. నీటికాసులు (గ్లకోమా, అంటే కంటినరం దెబ్బతిని చూపు తగ్గే జబ్బు) మొదలైనాయన్నారు. నొప్పి లేదు, మసక లేదు, ఏ గుర్తూ లేదు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు. రోజూ రాత్రి ఒక చుక్క వేసుకుంటోంది.

ఇది ఒక ఇంట్లో ఒకరికుంటే తోబుట్టువులకు కూడా వచ్చే అవకాశం ఎక్కువ, అందరినీ చూపించుకొమ్మని డాక్టరు చెప్పినారు. వాళ్ళక్క ఆదోని నుంచి వచ్చే శనివారం వస్తానంది. తమ్ముడు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. "నాకు బాగానే కనపడతాంది కదా బావా, ఇప్పుడెందుకు?" అంటున్నాడు. ఆదివారం నేనే పోయి పిలుచుకొస్తాను.